నీళ్లలో పడే టార్చి, నీళ్లలోకి దిగే టార్చి

వెలుగుతున్న టార్చిని నీళ్ల బక్కెట్లో పడేసి చూపించే అమ్మకందారు ఏ ఊరి సంతలోనైనా కనిపిస్తాడు. వీడియోలు చేసేవాళ్లు అదే పని చేపల తొట్టెలో చేస్తారు. పెట్టె మీద ఐపీఎక్స్8 అని ఉంటుంది, బక్కెట్ అడుగున లైటు వెలుగుతూనే ఉంటుంది, కొనేవాడికి ఇంకేం కావాలి? ఐపీఎక్స్8 ఉన్న మామూలు టార్చి నీటి అడుగున కూడా పనికొస్తుందనీ, డైవింగ్ టార్చి అంటూ వేరే కొనడం డబ్బు దండగనీ ఒక నమ్మకం ఇలాగే పాతుకుపోయింది. ఈ నమ్మకం తప్పు. ఈతకొలనులో సరదాకి దిగేవాడికి దీనివల్ల పోయేది ఒక టార్చి. బావిలో ఫుట్‌వాల్వు బాగుచేయడానికి మునిగే మనిషికీ, చెరువులో గల్లంతైనవారిని వెతకడానికి పిలిపించే గజ ఈతగాడికీ ప్రాణమే పోవచ్చు.

ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూడాలి. దాని మూలం ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణం. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ కూడా దాన్నే స్వీకరించింది. అందులో 7 అంటే వస్తువును మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉంచి తీయడం. 8 అంటే అంతకన్నా కఠినమైన పరీక్ష. ఎంత లోతు, ఎంతసేపు అన్నది మాత్రం ప్రమాణం చెప్పదు; తయారీదారూ కొనుగోలుదారూ కలిసి తేల్చుకోవాలంటుంది. దుకాణంలో ఒక్క టార్చి కొనేవాడికి ఆ అవకాశం లేదు కాబట్టి కంపెనీ ప్రకటించిందే లెక్క. అమెరికాలో టార్చీల కోసమే 2009లో వచ్చిన ఎఫ్ఎల్1 ప్రమాణం కాస్త నయం, మీటరుకు మించిన లోతులో 4 గంటలు ఉంచాలని చెబుతుంది. అక్కడా ఆ లోతు ఎంతో చెప్పేది కంపెనీయే. అందుచేత 2 మీటర్ల టార్చీ, 100 మీటర్ల టార్చీ రెండూ నిజాయితీగానే ఐపీఎక్స్8 అని రాసుకోగలవు. ఫీనిక్స్ కంపెనీ తన జేబు టార్చీలు చాలావాటికి 2 మీటర్లు, 30 నిమిషాలు అని హద్దు పెడుతుంది. డైవింగ్ కోసం విడిగా చేసిన టార్చీలకు 100 మీటర్లు చెబుతుంది. తయారు చేసేవారికి తేడా తెలుసు. ఆ తేడా కొనేవారిదాకా రావడం లేదు.

లోతు పెరిగితే ఏమవుతుందో తెలియడానికి హైస్కూలు భౌతికశాస్త్రం చాలు. ప్రతి 10 మీటర్ల నీటికీ చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో బరువు పడుతుంది. 4 సెంటీమీటర్ల వెడల్పున్న టార్చి అద్దం వైశాల్యం పన్నెండున్నర చదరపు సెంటీమీటర్లు. ఆరు నిలువుల లోతున్న బావి అడుగున ఆ చిన్న అద్దం మీద పన్నెండు కిలోల పైచిలుకు బరువు కూర్చుంటుంది. అడుగు లోతు బక్కెట్లో అది అర కిలోకి కూడా చేరదు. బక్కెట్లో వెలిగిందన్నది బక్కెట్ గురించి మాత్రమే సాక్ష్యం.

అద్దం కన్నా ముందు లొంగేది స్విచ్చి. మామూలు టార్చి వెనక రబ్బరు టోపీ కింద నొక్కుడు బటను ఉంటుంది. ఆ టోపీ లోపల ఉన్నది పైనుంచి మనతో వచ్చిన గాలే, బయట పెరుగుతున్నది నీటి ఒత్తిడి. 12 మిల్లీమీటర్ల టోపీ మీద 20 మీటర్ల లోతున రెండు కిలోలకు పైగా బలం పడుతుంది. ఎవరూ బొటనవేలు ఆనించకుండానే రబ్బరు లోపలికి పోతుంది. దాంతో టార్చి ఆరిపోవచ్చు, లేదా బటను అలాగే బిగుసుకుపోయి మళ్లీ పైకి రాకపోవచ్చు. డైవింగ్ టార్చీలలో చాలావాటికి అందుకే నొక్కుడు బటను ఉండదు. బయట తిరిగే రింగులో అయస్కాంతం, లోపల దాన్ని పసిగట్టే స్విచ్చి. మధ్యలో గోడకు చిల్లు లేదు. మరలు తిరిగే చోట నీటిని ఆపే రబ్బరు వలయాలు, అంటే ఓ-రింగులు, ఒకటికి బదులు రెండేసి ఉంటాయి. జనం దండగ అనుకునే అదనపు డబ్బు వెళ్లేది వీటికే.

ఇంకో సంగతి అసలు చర్చలోకే రాదు. ప్రయోగశాల పరీక్షలో నీటికీ వస్తువుకూ వేడిలో 5 డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు. నేటి ఎల్‌ఈడీ టార్చి పూర్తి వెలుగులో కొద్ది నిమిషాలకే చేతికి చురుక్కుమనేంత వేడెక్కుతుంది. లోపలి గాలి 60 డిగ్రీలకు చేరాక దాన్ని 25 డిగ్రీల బావినీళ్లలో ముంచితే ఆ గాలి చల్లబడి, ఒత్తిడి పదో వంతుకు పైగా పడిపోతుంది. మీటరు లోతు నీటి ఒత్తిడికి అది సమానం. అంటే ఐపీఎక్స్7 టార్చి తట్టుకోవాల్సిన ఒత్తిడి అంతా, ఇంకా నీటి పైభాగంలో ఉండగానే, దాని మీద పడిపోయింది. వేడెక్కిన టార్చి నీళ్లను లోపలికి పీల్చుకోవడానికి కారణం ఇదే.

ఉప్పునీళ్ల మాట వేరే చెప్పాలి. పరీక్ష తొట్టెలో ఉండేది మంచినీళ్లు, కదలని నీళ్లు. రుషికొండ సముద్రంలో కెరటాలుంటాయి, ఉప్పు ఉంటుంది, ఇసుక ఉంటుంది. ఓ-రింగు మీద ఒక్క ఇసుక రేణువో, వెంట్రుకో ఇరుక్కున్నా నీటికి దారి దొరికినట్టే. లిథియం బ్యాటరీ ఉన్న గొట్టంలోకి ఉప్పునీరు చేరితే రెండు కొనల మధ్య కరెంటు పారి నీరు విడిపోతుంది, హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు పుడతాయి. బిగించిన గొట్టంలో వాటికి పోయే దారి ఉండదు. నీరు చేరిన టార్చిని ముఖానికి ఎదురుగా పెట్టుకుని మూత విప్పకూడదని డైవర్లు హెచ్చరించేది అందుకే.

“నా టార్చి ఐదేళ్ల నుంచి నీళ్లలో వాడుతున్నాను, ఏమీ కాలేదు” అనేవారు ఉంటారు. వారి మాట అబద్ధం కాదు. మంచి టార్చీలు చాలావరకు కంపెనీ చెప్పిన హద్దు కన్నా కొంత ఎక్కువే తట్టుకుంటాయి. కానీ పరీక్షకు వెళ్లింది కొత్త నమూనా. చేతిలో ఉన్నది బ్యాటరీలు మార్చడానికి ఎన్నోసార్లు విప్పి బిగించినది, గ్రీజు ఆరిపోయినది, ఒకటి రెండుసార్లు గచ్చు మీద పడినది. పైగా ఇప్పటి టార్చీలకు ఛార్జింగ్ రంధ్రం ఉంటుంది, దానికి కాపలా ఒక పలచని రబ్బరు మూత. ఆ మూత సరిగా కూర్చోకపోతే వెనక ఎన్ని ఓ-రింగులున్నా ప్రయోజనం లేదు.

ఇవే అంకెలతో అమ్మిన ఫోన్ల కథ కోర్టుల దాకా వెళ్లింది. గెలాక్సీ ఫోన్లను ఈతకొలనుల్లో, సముద్రంలో వాడుతున్నట్టు ప్రకటనలు ఇచ్చినందుకు 2022 జూన్‌లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు శాంసంగ్‌కు కోటీ 40 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. తడిసిన ఛార్జింగ్ రంధ్రం పాడయ్యే ప్రమాదం ఉందని కంపెనీయే ఒప్పుకుంది. అంతకుముందు 2020 నవంబరులో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఆపిల్‌కు కోటి యూరోలు విధించింది. ప్రకటనల్లో చెప్పిన లోతులు కదలని మంచినీళ్లలో, ప్రయోగశాల పరిస్థితుల్లో మాత్రమే నిజమన్న సంగతి స్పష్టంగా చెప్పలేదన్నది అభియోగం. టార్చీల పెట్టెల మీద ఉన్నదీ ఇదే లోపం. ఫోను చెడితే ఫిర్యాదు చేయడానికి మనిషి ఒడ్డున ఉంటాడు గనక అది బయటపడింది.

చేతి గడియారాల వాళ్లు ఈ చిక్కును ఏనాడో విడదీశారు. వానలో, ఈతలో తడిసే మామూలు గడియారానికి ఐఎస్ఓ 22810 అనే ప్రమాణం. డైవర్ల గడియారానికి ఐఎస్ఓ 6425. రెండోది కనీసం 100 మీటర్లకు నిలవాలి, చెప్పిన లోతు కన్నా 25 శాతం ఎక్కువ ఒత్తిడిలో పరీక్షించాలి, అదీ ఒక్కో గడియారాన్నీ విడివిడిగా. చీకట్లో దారి చూపే టార్చికి ఇలాంటి గీత గీయకుండా అన్నింటినీ ఒకే 8 కిందికి చేర్చడం ఎలా సమర్థనీయం?

డైవింగ్ టార్చినైనా పూర్తిగా నమ్మనివాళ్లు గుహల్లో ఈదే డైవర్లు. అమెరికన్ డైవర్ షెక్ ఎక్స్‌లీ 1979లో గుహ ప్రమాదాలను విశ్లేషిస్తూ రాసిన పుస్తకం నుంచి వారి భద్రతా నియమాలు రూపుదిద్దుకున్నాయి. ఒక్కో డైవరు దగ్గర కనీసం మూడు లైట్లు ఉండాలన్నది అందులో స్థిరపడిన నియమం. లోతు కోసమే చేసిన పరికరాలు మూడు పట్టుకుని వాళ్లు దిగుతుంటే, 2 మీటర్ల హద్దున్న ఒక్క టార్చితో మనవాళ్లను బావిలోకి పంపడం ఏం న్యాయం?

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన రాయల్ వశిష్ఠ బోటు అక్టోబరు 22న గాని పైకి రాలేదు. అది 200 అడుగులకు మించిన లోతున ఉందని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఆ నీళ్లలోకి విశాఖ డైవర్లు దిగారు. అంత లోతున ఇందాకటి 4 సెంటీమీటర్ల అద్దం మీద 75 కిలోలు పడతాయి. వరద నీటిలో ఒండ్రు ఎక్కువగా ఉంటే వెడల్పుగా పరుచుకునే ఇంటి టార్చి వెలుగు రేణువులకు తగిలి వెనక్కే వస్తుంది, ఎదుట తెల్లటి తెర తప్ప ఏమీ కనిపించదు. సన్నని ధారగా వెలుగును పంపే డైవింగ్ టార్చి కొంతైనా చూపిస్తుంది.

కాబట్టి రెండు పనులు జరగాలి. టార్చి పెట్టె మీద ఐపీఎక్స్8 అన్నంత పెద్ద అక్షరాల్లోనే ఎన్ని మీటర్లు, ఎంతసేపు, ఏ నీళ్లు, నీటి లోపల స్విచ్చి నొక్కవచ్చా లేదా అన్నది తెలుగులో ముద్రించాలి. బీఐఎస్ దాన్ని తప్పనిసరి చేయాలి. రెండోది, అధికారులు గజ ఈతగాళ్లను పిలిపించినప్పుడు తాడూ పడవా ఇచ్చినట్టే డైవింగ్ టార్చీలు కూడా ఇవ్వాలి. కొన్ని వేల రూపాయల ఆ సామాను ప్రతి అగ్నిమాపక కేంద్రంలో సిద్ధంగా ఉండాలి, దిగే ప్రతి మనిషికీ కనీసం రెండేసి చొప్పున.