సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ కొంటున్నారా? కొత్త కారు ధర తగ్గింది.. మరి పాత బండికి పాత రేటేనా?

బచ్చన్నపేట: చేతిలో ఐదారు లక్షలున్నాయి. ఊరి రోడ్లకు తట్టుకునే, కాస్త ఎత్తున్న బండి కావాలి. ఇలా అనుకునే వాళ్లకు మొదట గుర్తొచ్చేవి నెక్సాన్, వెన్యూ, బ్రెజా లాంటి కాంపాక్ట్ ఎస్‌యూవీలే. జనగామ వెళ్లినా, హైదరాబాద్ వెళ్లినా.. బేరం మొదలుపెట్టే ముందు ఒక లెక్క తెలిసి ఉండాలి.

ఏంటా లెక్క?
2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవుండే 1200 సీసీ లోపు పెట్రోల్ కార్లపై సెస్‌తో కలిపి 29 శాతం ఉన్న పన్ను 18 శాతానికి దిగింది. 1500 సీసీ లోపు డీజిల్ కార్లపై 31 నుంచి 18కి తగ్గింది. పన్ను లేకుండా 8 లక్షలయ్యే పెట్రోల్ కారునే తీసుకోండి. అప్పుడు 10.32 లక్షలు, ఇప్పుడు 9.44 లక్షలు. తేడా 88 వేలు! కాబట్టి అమ్మే వ్యక్తి 'నేను ఇంత పెట్టి కొన్నా' అంటే ఆగిపోవద్దు. ఇవాళ్టి షోరూమ్ ధర నుంచే బేరం ఆడాలి.

అన్నిటికీ ఇదే లెక్క కాదు. బ్రెజా పెట్రోల్ ఇంజిన్ 1462 సీసీ. దానిపై పన్ను 45 నుంచి 40 శాతానికే వచ్చింది. అక్కడ అంత తగ్గింపు ఆశించలేం.

రేటు మరీ తక్కువ చెబితే?
అప్పుడే అనుమానించాలి. 2024 సెప్టెంబర్‌లో విజయవాడ, ఖమ్మం.. 2025 అక్టోబర్‌లో మొంథా తుపానుకు వరంగల్, హనుమకొండ కాలనీలు నీట మునిగాయి. మునిగిన బండిని కడిగి, పాలిష్ కొట్టి అమ్మితే పైకి తెలియదు. కార్పెట్ ఎత్తి చూడండి. సీటు బెల్టు చివరిదాకా లాగండి. బురద మరకలు, సీటు కింద తుప్పు కనిపిస్తే వదిలేయడమే మేలు. సర్వీస్ రికార్డు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ వివరాలు కూడా అడగండి.

కాగితాల సంగతి
ఆర్సీలో ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 అందే వరకు మొత్తం డబ్బు ఇవ్వొద్దు. ఫారం 29, 30తో పేరు మార్పించుకోండి. బండి బదిలీ అయిన 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ మార్పుకూ దరఖాస్తు చేయాలి. లేకుంటే మీ బండి దెబ్బతిన్నప్పుడు క్లెయిమ్ రాకపోవచ్చు.

అమ్మే వాళ్లకూ ఇది ముఖ్యమే. యాక్సిడెంట్ జరిగితే ఆర్సీలో ఎవరి పేరుందో పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తాళాలు చేతులు మారితే చాలదు, ఆర్సీలో పేరూ మారాలి.