స్కాన్‌లో ఏమీ లేదన్నారు కదండీ?

కాలికి కట్టున్న మనిషి కనిపిస్తే లేచి కుర్చీ వేస్తాం. అదే మనిషికి తలకు దెబ్బ తగిలి, స్కాన్‌లో ఏమీ కనిపించకపోతే, నెల తిరక్కుండానే వంకలు పెడుతున్నాడంటాం. కోనసీమవాళ్ళం మర్యాదకు పెట్టింది పేరు గదా, ఆ మాట కూడా చివర ‘అండి’ తగిలించే అంటాం: ‘స్కాన్‌లో ఏమీ లేదన్నారు కదండీ, ఇంకా తలనొప్పేంటండీ?’ ఈ ప్రశ్న మనమంతా మానేయాలని అడుగుతున్నాను.

సీటీ స్కాన్‌లో చూసేది పుర్రె చిట్లిందా, లోపల రక్తం చేరిందా అని. తలకు కుదుపు తగిలితే వచ్చే కంకషన్ అది కాదు. కుదుపుకి మెదడు పనిచేసే తీరు కొన్నాళ్ళు చెడుతుంది, ఆ చెడడం ఫిల్ములో పడదు. స్పృహ తప్పకపోయినా కంకషన్ కావచ్చు. పెద్దవాళ్ళలో ఎక్కువమందికి రెండు వారాల్లో, పిల్లలకు నెలలో తగ్గుతుంది. కొందరికి మాత్రం నెలలు పడుతుంది. తల దిమ్ము, వెలుతురు పడకపోవడం, చప్పుడు ఓర్చుకోలేకపోవడం, నిద్ర చెడడం, మతిమరుపు, ఊరికే కోపం. ఇళ్ళల్లో చిచ్చు పెట్టేది ఆ కోపమే. ‘దెబ్బ తగిలాక మనిషి మారిపోయాడు’ అని భార్య ఏడుస్తుంది. ఆవిడ చెప్పేది నిజమే, ఆయనదీ నటన కాదు. (వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, మగతలోకి జారుతున్నా, ఫిట్స్ వచ్చినా, ఒక పక్క బలం తగ్గినా మాత్రం ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి.)

2019 ఆగస్టులో లార్డ్స్ క్రికెట్ టెస్టులో ఇంగ్లండ్ బౌలర్ ఆర్చర్ బంతి తగిలిన ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్ అదే రోజు మళ్ళీ బ్యాటింగుకి వచ్చాడు. లక్షణాలు మర్నాడు బయటపడ్డాయి. అతని బదులు లబుషేన్‌ను దింపారు, టెస్టుల్లో మొదటి కంకషన్ సబ్‌స్టిట్యూట్ అతనే. తర్వాతి టెస్టుకీ స్మిత్‌ను ఆడనివ్వలేదు. టీవీ ముందు కూర్చుని మంచి పని చేశారన్నాం. మరి మన తోటలో చెట్టెక్కే మనిషి విషయంలో?

అతనికి కూలి చెట్టు లెక్కన. వారం రాకపోతే మేస్త్రి ఇంకొకర్ని తెచ్చుకుంటాడు, ఆ తోట చేజారుతుంది. అందుకే తల తిరుగుతున్నా ఎక్కుతాడు. కొబ్బరి చెట్టు మొవ్వు దగ్గర కళ్ళు తిరగడమంటే ఏమిటో కోనసీమలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. రైతులూ, మేస్త్రులూ, అంబాజీపేట వ్యాపారులూ అనుకుంటే అతని చోటు అతనికి ఉంచవచ్చు. నెలల తరబడి చీకటి గదిలో పడుకోబెట్టమని వైద్యం కూడా చెప్పడం లేదు. ఒకటి రెండు రోజులు నెమ్మదిగా ఉండి, తర్వాత నడక, ఆపైన తేలిక పని. రాశి దగ్గర కాయలు లెక్కపెట్టనివ్వండి. దిమ్ము పెరగకపోతే కొన్నాళ్ళకు వలుపు. పెరిగితే ఒక మెట్టు వెనక్కి. చెట్టు అన్నిటికన్నా చివర, అదీ డాక్టరు సరేనన్నాకే. ఈలోగా మందు పోయించే స్నేహితులు దూరంగా ఉంటే మరీ మేలు. చెట్టెక్కేవాళ్ళ కోసం కొబ్బరి అభివృద్ధి బోర్డు ‘కేర సురక్ష’ అనే ప్రమాద బీమా పెట్టింది. దెబ్బ తగలకముందే అతన్ని అందులో చేర్పించడం తోట యజమాని పని అనుకుంటే తప్పేముంది?

ఆడవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. కాలవగట్టు మీద బండి జారితే హెల్మెట్ లేక దెబ్బ తినేది వెనక పక్కకి కూర్చున్న ఆవిడే. మర్నాడు పొద్దున్నే పొయ్యి దగ్గర నిలబడేదీ ఆవిడే. ఆవిడకి మేస్త్రి లేడు, సెలవు చీటీ లేదు. అత్తగారూ, మొగుడూ, ఎదిగిన కొడుకూ కలిసి వంట పంచుకోకపోతే ఆ నొప్పి నెలలు సాగవచ్చు. బడిపిల్లలకైతే టీచర్లు సగం పూట చదువూ, ఆలస్యంగా పరీక్షా ఒప్పుకోవాలి. పిల్లాడు మొద్దుబారాడని వెనక బెంచీకి పంపడం కాదు.

ఇక చప్పుడు ఓర్చుకోలేనివాళ్ళని బాధపెట్టే మైకులు. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం ఆపమని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ వీధి చివర కొట్టే హారన్ బాక్సు దేవుడు అడిగింది కాదు. సంక్రాంతికి ముందు కమిటీ కూర్చుని మైకుసెట్టు మాట్లాడుకునేటప్పుడు ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి: ఈ మధ్య మన ఊళ్ళో తలకు దెబ్బ తగిలి ఇంకా కోలుకోనివాళ్ళు ఎవరున్నారు, ఏ ఇంట్లో ఉన్నారు, బాక్సులు ఎటు తిప్పుదాం?