సీప్లేన్‌కు ముందు టైంటేబుల్ వెయ్యండి

సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు సీప్లేన్ కబురు రెండు వైపుల నుంచి అందింది. ఒకటి విజయవాడ కబురు. 2024 నవంబరు 9న పున్నమి ఘాట్ దగ్గర కృష్ణ నీళ్ల మీద నుంచి లేచిన ట్విన్ ఆటర్ విమానం ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడిని శ్రీశైలం పాతాళగంగకు చేర్చింది. రెండోది ఎర్రసముద్రం కబురు. 2023లో రెడ్ సీ గ్లోబల్ సంస్థ నాలుగు సెస్నా కారవాన్లతో ‘ఫ్లై రెడ్ సీ’ పేరిట సౌదీలో తొలి సీప్లేన్ కంపెనీ పెట్టింది. దీవుల్లోని రిసార్టులకు అతిథులను చేరవేయడం దాని పని.

దాదాపు రెండు వేల మీటర్ల ఎత్తున, కొండల నడుమ ఉన్న ఖమీస్‌కు సీప్లేన్‌తో పనిలేదు. కానీ ఇంటికి పోవాలంటే అభా విమానాశ్రయానికి చేరి, జెడ్డాలోనో రియాద్‌లోనో విమానం మారే మనుషులకు ఒక సంగతి బాగా తెలుసు. విమానం ఎంత అందంగా ఉందన్నది తర్వాత. ఏ రోజు ఉంది, టికెట్ ఎంత, చెప్పిన వేళకు బయల్దేరుతుందా అన్నవే ముందు. సీప్లేన్ల నూట పదేళ్ల చరిత్ర కూడా ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరిగింది.

టైంటేబుల్ పెట్టి ప్రయాణికులను తిప్పిన తొలి విమాన సంస్థే సీప్లేన్ సంస్థ. పేరు సెయింట్ పీటర్స్‌బర్గ్–టాంపా ఎయిర్‌బోట్ లైన్. అమెరికాలోని ఫ్లోరిడాలో ఆ రెండు ఊళ్ల మధ్య ఒక అఖాతం ఉంది. దాన్ని దాటడానికి స్టీమరులో రెండు గంటలు పట్టేది. రైలైతే చుట్టూ తిరిగి నాలుగు గంటలు, ఒక్కోసారి అంతకు మూడింతలు. పెర్సివల్ ఫాన్స్‌లర్ అనే ఆయన ఈ ఇబ్బందిలో వ్యాపారం చూశాడు. థామస్ బెన్వా చేసిన రెక్కల పడవను తెప్పించాడు. 1914 జనవరి 1న తొలి టికెట్‌ను వేలం వేస్తే మాజీ మేయర్ ఏబ్రమ్ ఫైల్ 400 డాలర్లకు పాడుకున్నాడు. పైలట్ టోనీ జానస్ పక్కన, కప్పు లేని పడవలో కూర్చుని 23 నిమిషాల్లో టాంపాలో దిగాడు. ఆ మర్నాటి నుంచి టికెట్ అయిదే డాలర్లు. మనిషీ సామానూ కలిపి 200 పౌండ్లు, అంటే 90 కిలోలు దాటితే అదనంగా కట్టాలి. ఒక్క ట్రిప్పుకు ఒక్క ప్రయాణికుడే!

అలా దాదాపు 1,200 మందిని దాటించింది ఆ సంస్థ. ప్రమాదం జరగలేదు. అయినా మే నెల మొదట్లోనే మూతపడింది. ఊరి పెద్దలు నష్టం భరిస్తామన్న గడువు మార్చితో తీరింది, చలికాలం గడపడానికి వచ్చిన యాత్రికులు ఎండలు ముదిరేసరికి వెళ్లిపోయారు. సాయం, సీజన్ రెండూ ఒక్కసారే పోతే ఏ సంస్థయినా నిలవదు.

నిలిచినవి వేరే చోట్ల పుట్టాయి. అలాస్కాలోని కెచికాన్‌కు ఇవాళ్టికీ బయటి నుంచి రోడ్డు లేదు. 1936లో బాబ్ ఎల్లిస్ అక్కడ ఎల్లిస్ ఎయిర్‌లైన్స్ మొదలుపెట్టాడు. చిన్న రేవులకు మనుషులు, ఉత్తరాలు, సరుకులు మోసిన ఆ సంస్థ మరో చిన్న సంస్థతో కలిసి, 1968లో అలాస్కా ఎయిర్‌లైన్స్‌లో భాగమైంది. కెనడా పడమటి తీరంలో హార్బర్ ఎయిర్ 1982లో మొదలైంది కలప పరిశ్రమ మనుషులను చేరవేయడానికి. విహారయాత్రికులు తర్వాత వచ్చారు. ముందు పనివాడు, తర్వాత టూరిస్టు. ఈ వరుసే సరైనదని నా గట్టి నమ్మకం.

ఇక పోషణ. సీప్లేన్ మామూలు విమానంలా షెడ్డులో పెట్టి తాళం వేసేది కాదు. తెల్లవారగానే, దాన్ని నీళ్ల మీద తేల్చే ఫ్లోట్‌లోని ఒక్కో అరలో చేతిపంపు పెట్టి, రాత్రి ఊరిన నీటిని తోడాలి. ఉప్పునీళ్లలో తిరిగిందంటే సాయంత్రం మంచినీళ్లతో ఒళ్లంతా కడగాలి, లేకపోతే లోహం తినేస్తుంది. మయామీ నుంచి బహామా దీవులకు తొమ్మిది దశాబ్దాల పాటు తిరిగిన చాక్స్ సంస్థ కథ ఎలా ముగిసిందో చూడండి. 2005 డిసెంబరు 19న, 1947లో తయారైన దాని విమానం రెక్క గాలిలోనే విరిగింది. అందులోని 20 మందీ చనిపోయారు. లోహం అలసి రెక్కలో పగుళ్లు పడ్డాయని, వాటిని సరిగా బాగుచేయలేదని దర్యాప్తులో తేలింది. ఆ తర్వాత రెండేళ్లకే సంస్థ లేకుండా పోయింది.

మన దేశంలో ఇప్పటిదాకా ఆర్భాటమే ముందు నడిచింది. 2010 డిసెంబరులో అండమాన్ కోసం ‘జల్ హన్స్’ సీప్లేన్ సర్వీసు వచ్చింది. ఆ దీవుల్లో శ్రీకాకుళం నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగు మత్స్యకార కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. దీవి నుంచి దీవికి వెళ్లడం అక్కడ నిత్యావసరం. అంత అవసరమున్న చోట కూడా ఆ సర్వీసు నిలదొక్కుకోలేదు. 2020 అక్టోబరు 31న అహ్మదాబాద్ సబర్మతి నుంచి కేవడియాకు ప్రధాని చేతుల మీదుగా మరొకటి మొదలైంది. మాల్దీవుల నుంచి తెచ్చిన విమానం అది, మరమ్మతుకు మళ్లీ మాల్దీవులకే వెళ్లాలి. నెల తిరక్కుండానే మొదటిసారి వెళ్లింది, 2021 ఏప్రిల్‌కల్లా సర్వీసే ఆగిపోయింది.

విజయవాడకు కలిసొచ్చేవి లేకపోలేదు. కృష్ణది మంచినీరు, ఉప్పు బెడద లేదు. శ్రీశైలానికి రోడ్డు మీద అయిదారు గంటలు, అందులో నల్లమల ఘాట్ రోడ్డు. ఈ దూరం దగ్గరైతే భక్తులకు మేలే. కానీ అద్దంలా కదలని నీటి మీద ఎంత ఎత్తులో ఉన్నాడో పైలట్‌కు అంతుబట్టదు, చిన్న అలలున్న నీటి కంటే అదే ప్రమాదం. డ్యాముల్లో నీటిమట్టం నెలనెలా మారుతుంది. వీటికి తర్ఫీదు పొందిన పైలట్లు, సొంత మరమ్మతు షెడ్డు కావాలి. అత్యవసర రోగులను తరలించడానికి, ఏజెన్సీ ఊళ్లకు మందులు చేర్చడానికి కూడా ఉపయోగపడేలా పథకం ఉండాలి.

కాబట్టి ప్రభుత్వానికి ఒకటే విన్నపం. మరో ప్రారంభోత్సవం పెట్టకముందే మూడు కాగితాలు జనం ముందు పెట్టండి: ఏడాది పొడవునా నడిచే టైంటేబుల్, సామాన్యుడు కొనగలిగే టికెట్ ధర, విజయవాడలోనే మరమ్మతు జరుగుతుందన్న ఒప్పందం.