జొన్నచేని సంసారము

పలనాటి జొన్నకూడు మాట వినని తెలుగువారు అరుదు. శ్రీనాథునివని చెప్పుకొను చాటువులలో ఆ కూటిని ఆక్షేపించినవి గలవు. కవిసార్వభౌమునకు రుచింపని యా జొన్నయే మాచర్ల, గురజాల ప్రాంతములందు తరతరములుగా ఎందరి ఆకలినో తీర్చినది. 1967వ సంవత్సరమున నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన పిమ్మట అచ్చట వరి, పత్తి, మిరప పెరిగి జొన్నచేలు తగ్గినవి. ఐనను జొన్నరొట్టె నేటికిని మన వంటయింట నున్నది. ఆ గింజలోనికి పిండి ఎట్లు చేరినదో సోదరీమణులకు ఈ నెల మనవి చేసెదము.

ఆకు పగటివేళ ఎండ సాయమున బొగ్గుపులుసు వాయువును, వేరు తెచ్చిన నీటిని కలిపి చక్కెర చేయును. చేసినదంతయు ఆ పూటకే వ్యయపరుపదు. కొంత పిండిగా మార్చి దాచును. చక్కెరగానే ఏల దాచరాదు? వానకాలమున బెల్లపుదిమ్మ చెమ్మగిల్లి కారుట మన మెరిగినదే. చక్కెర నీటిని తనవైపునకు లాగును. పిండియో, చన్నీట కరగక రేణువులై ఒక మూల ఒదిగియుండును.

ప్రొద్దు గ్రుంకగనే రాబడి నిలుచును. మొక్క ఊపిరి మాత్రము నిలువదు. అప్పుడు ఆకులోని పిండిని మరల చక్కెరగా మార్చుకొని జీవించును. ఇంగ్లండు దేశమున నారిచ్ నగరమందలి జాన్ ఇన్నెస్ పరిశోధనాలయమువారు ఆవజాతికి చెందిన అరబిడాప్సిస్ అను చిన్నమొక్కలో ఈ వ్యయమును కొలిచిచూచిరి. పిండి రాత్రి పొడుగున ఒకే తీరున తరుగుచు, తెల్లవారుసరికి ఇంచుమించుగా ముగియుచుండెను. వాడుకకంటె ముందుగా చీకటి కల్పించినను, మొక్క వెంటనే వ్యయము తగ్గించి ఉన్నదానిని ఉదయమువరకు సరిపెట్టెను. నిలువను మిగిలిన గంటలచే భాగించినట్లుగా ఈ లెక్క సాగునని 2013లో వారు ప్రకటించిరి. గంటలను తెలుపునది మొక్కలోపలి గడియారమే.

ఎదుగుదలకును ఇట్టి కట్టుబాటు గలదు. చక్కెర తరిగినప్పుడు స్నార్క్-1 అను మాంసకృత్తు ఎదుగుదలను అణచి పొదుపు చేయించును. సమృద్ధిగా నున్నప్పుడు టార్ అను మరియొకటి ఎదుగుటకు సెలవిచ్చును. ఇంట సరకు చూచుకొని పండుగ తలపెట్టు గృహిణి చేయునదియు నిదియే గదా!

జొన్నపైరు నిలువలో కొంత దంటున చక్కెరగా నుండును. చేలగట్లపై తీపిదంటు నమలిన వారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. కంకి పాలుపట్టు వేళ ఆకుల సంపాదన గింజలకే ముఖ్యముగా పోవును. బెట్టవలన అది చాలకున్న, పైరు దంటులోని నిలువను సైతము తీసి కంకి కిచ్చును. అందుచే దంటు బలము తగ్గి ఒరగుటయు గలదు. కావున ఆ దినములలో పశువుల మేతకని పచ్చియాకులు దూయరాదు. దూసినచో గింజ తేలికగును.

జొన్నగింజలో నూటికి 70 పాళ్లు ఇంచుమించుగా పిండియే. ఆకు వేసి స్వయముగా సంపాదించుకొను వరకు మొలకకు తల్లి కట్టియిచ్చిన చద్దిమూట అది. గింజ నానగనే ఆ పిండి చక్కెరగా మారసాగును. అందుచేతనే మొలకెత్తించి, ఎండబెట్టి, విసరిన పిండితో కాచిన జావ పలుచనై పసిబిడ్డలకు సులభముగా మ్రింగుడుపడును. ఇందులకు రాగులు మేలు. లేత జొన్నమొలకలో విషమును పుట్టించు పదార్థ మున్నది గనుక పచ్చి జొన్నమొలకలను తినరాదు. బిడ్డలకు అసలే పెట్టరాదు. మేత దొరకనప్పుడు లేత జొన్నమోళ్లు మేసిన పశువులు చచ్చుటకును ఆ విషమే కారణము.

మన గాదెకు చేరునది వేరొక తల్లి తన బిడ్డకై దాచిన సొమ్ము. దానిని చెమ్మ తగులకుండ ఎండబెట్టి పోసుకొందము. చెమ్మ తగిలిన గింజ గాదెలోనే ఊపిరి హెచ్చించి, తన పిండిని తానే తినివేయును.