పిడికెడు బియ్యం ఎవరి కోసం?

మొన్న ఎండాకాలంలో ప్రకాశం జిల్లాలో ఒక పల్లెకి పోయాం. డెబ్బై గడప ఉంటుంది. అందులో రెండు గుడులు. ఒక గుడి మైకు తూర్పుకి తిప్పి ఉంది, ఇంకో గుడి మైకు పడమటికి. ఆదివారం పొద్దున రెండూ ఒకేసారి మోగుతుంటే ఏ గుడిలో ఏం చెబుతున్నారో ఆ గుడిలో కూర్చున్నోళ్ళకే సరిగ్గా వినపడదు. ఆ రోజు ఒక గుడిలో మంచి సమరయుని కథ చెబుతున్నారు. అదే వీధిలో నాలుగో ఇంట్లో ఒక ముసలాయన నులకమంచం మీద పడి ఉన్నాడు. షుగరు జబ్బు. కాలి బొటనవేలు నల్లబడి వాసన వస్తోంది. ఆయన భార్య మాతో అన్న మాట ఇది: "పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి పోయారు నాయనా. నూనె కూడా రాసి పోయారు. ఆటో ఎక్కించి ఒంగోలు తీసకపోయేవోళ్ళే లేరు."

ఆమె ఎవర్నీ తిట్టలేదు. ఉన్న సంగతి చెప్పింది. తల దించుకోవాల్సి వచ్చింది మేమే. ఎందుకంటే మేం కూడా ఆ పల్లెకి పోయింది మీటింగు సంగతి చెప్పి కరపత్రాలు పంచి పోదామనే.

ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది ఆదివారం గుడికి పోయేవాళ్ళే. కాయితాల మీద ఏం రాసుకున్నా ఇంట్లో బైబిలు ఉన్నోళ్ళే. అందుకని ఈసారి సంపాదకీయం గుడి గురించి రాస్తున్నాం. దేవుడున్నాడా లేడా అనే వాదన ఇక్కడ పెట్టుకోవడం లేదు. గుడిలో చెప్పే మాట గుమ్మం దాటి ఎంత దూరం వస్తోంది? మా ప్రశ్న అంతే.

సమరయుని కథ మనోళ్ళకి చిన్నప్పటి నుంచీ తెలుసు. సండే స్కూల్లో బొమ్మల అట్ట మీద చూసిందే. ధర్మశాస్త్రం చదివిన ఒకాయన యేసుని అడుగుతాడు, నా పొరుగువాడు ఎవరని. యేసు నేరుగా జవాబు చెప్పకుండా కథ ఎత్తుకుంటాడు. యెరూషలేము నుంచి యెరికోకి దిగే దారిలో ఒకణ్ణి దొంగలు కొట్టి పడేశారు. యాజకుడు చూసి పక్కనుంచి పోయాడు. లేవీయుడూ అంతే. ఆగినవాడు సమరయుడు. సమరయులంటే ఎవరు? యూదులు అంటు పాటించి దూరం పెట్టినవాళ్ళు. బావి దగ్గర సమరయ స్త్రీని యేసు నీళ్ళు అడిగితే ఆమే బిత్తరపోయింది, నా చేతి నీళ్ళు నువ్వెట్లా తాగుతావని. ఇది ఎవరి కథో మన పల్లెల్లో విడమరిచి చెప్పక్కర్లేదు.

కానీ మనకి ఈ కథ చెప్పే తీరులో ఒక ముక్క జారిపోతోంది. కథ వింటున్నంతసేపూ మనల్ని మనం దారిన పడి ఉన్నవాడిగానే చూసుకుంటాం. నిజమే, దెబ్బలు తిన్నాం, తింటున్నాం. అయితే యేసు ఆ కథలో అంటరానివాణ్ణి నిలబెట్టింది ఆదుకునేవాడి చోట. వాడు గాయాలు కట్టాడు, నూనె పోశాడు, తన పశువు మీద ఎక్కించాడు, సత్రానికి చేర్చాడు, రెండు దేనారాలు చేతిలో పెట్టాడు, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. నూనె పోసి ఊరుకోలేదు. సత్రం ఖర్చు కూడా నెత్తిన వేసుకున్నాడు.

ఇక పొరుగు అనే మాట. మన ఊళ్ళు కట్టిందే మనం ఎవరికీ పొరుగు కాకుండా. ఊరు ఒక పక్క, మాలపల్లె ఒక పక్క, మాదిగపల్లె ఇంకాస్త అవతల. ఊళ్ళోవాళ్ళకి మనం పాలేర్లం, కూలోళ్ళం. ఇరుగుపొరుగు కాదు. కాబట్టి పొరుగువాణ్ణి ప్రేమించమని చెప్పే మతం మన పల్లెలోకి వచ్చిందంటే, అది ఊరి కట్టడం మీదికే వచ్చిందన్న మాట. దాన్ని మొదట గుర్తుపట్టింది పెత్తందార్లే.

ఒంగోలు చరిత్ర చూడండి. జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు వచ్చాడు. తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ పెద్దమనిషి యర్రగుంట్ల పేరయ్య ఆ మాటని పల్లె పల్లెకీ మోశాడు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం అని పెద్దకులాలోళ్ళు చెప్పారు. క్లౌ మాదిగల పక్కనే నిలబడ్డాడు. ఆదివారం పనికి రాం, చచ్చిన గొడ్డు తినం, జాతరలో డప్పు కొట్టం అని ఆ తొలితరం చెప్పింది. (డప్పు మీద ఈ రోజు మన ఆలోచన వేరు. ఆ రోజుది వెట్టి డప్పు.) అందుకు ఊళ్ళు వాళ్ళని పనుల్లోంచి తీసేశాయి, కొట్టించాయి.

1876-78 కరువులో జరిగింది ఇంకా ముఖ్యం. కరువు పని కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తున్నారు. క్లౌ మిషనరీ కాకముందు అమెరికాలో సర్వే పని చేసినవాడు. కాలువలో మూడు మైళ్ళ పైచిలుకు కాంట్రాక్టు తానే తీసుకుని, తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. పలుగు పట్టుకొచ్చినవాణ్ణి కులం పేరుతో వెనక్కి తొయ్యకుండా, కూలిలో కోత లేకుండా పని నడిపించాడు. అన్నానికి ఆశపడి వచ్చారన్న మాట పడకూడదని ఆ కరువు కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ లెక్క మన గుడుల్లో ఈ రోజుకీ గర్వంగా చెబుతారు. కాలువ మట్టి లెక్క మాత్రం ఎవరూ చెప్పరు.

క్లౌని దేవుణ్ణి చెయ్యడం మా ఉద్దేశం కాదు. ఆ పనంతా తెల్లోళ్ళ రాజ్యం నీడలో జరిగిందే. జనం ఆకలితో చస్తుంటే ధాన్యాన్ని ఓడలెక్కనిచ్చింది కూడా ఆ రాజ్యమే. మెదక్‌లో పాస్నెట్ కట్టించి, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేసిన పెద్ద గుడి కూడా కరువులో కూలి పని చూపించడానికి మొదలైందే. చూడ్డానికి పోయేవాళ్ళు గోపురం చూసి వస్తున్నారు. దాన్ని మోసిన కూలి చేతుల కథ అడిగి రావాలి.

ఇప్పుడు దగ్గరి కాలానికి వద్దాం. 1985 జూలై 17, కారంచేడు. మాదిగలు తాగే నీళ్ళ చెరువు దగ్గర పెత్తందారుల పిల్లలు గేదెల కుడితి బకెట్లు కడిగారు. అడిగినందుకు కొట్టబోతే మున్నంగి సువార్తమ్మ చేతిలో బిందె ఎత్తింది. తెల్లారి పల్లె మీద పడ్డారు. ఆరుగుర్ని చంపారు. చచ్చినోళ్ళ పేర్లలో బైబిలు పేర్లున్నాయి, బిందె ఎత్తిన ఆమె పేరులోనే సువార్త ఉంది. బతికి బయటపడ్డోళ్ళు చీరాలకి పరుగెత్తారు. వాళ్ళకి నీడ దొరికింది చర్చి ఆవరణలో. ఆ శిబిరం చుట్టూ కదిలిన జనంలోంచే ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది. వాళ్ళు తిరిగి కారంచేడు పోమన్నారు, చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. ఆ రోజు ఆ చర్చి గేటుకి తాళం వేసి ఉంటే ఏమయ్యేదో ఒక్కసారి ఆలోచించండి.

గేటు తెరవడం ఒక రోజు పని. ఆ తర్వాత? కారంచేడు కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 వచ్చింది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపితే, ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఇన్నేళ్ళూ కూలి పోగొట్టుకుని వాయిదాలకి తిరిగిన సాక్షులకి బస్సు ఛార్జీ ఏ గుడి కానుకలోంచి పోయింది? కొన్నిచోట్ల పోయి ఉండొచ్చు. పోయినచోట అది లెక్కల పుస్తకంలో రాసుకోదగ్గ కానుక.

బాబాసాహెబ్ అంబేద్కర్ క్రైస్తవంలోకి పోయిన అంటరానివాళ్ళ స్థితి గురించి ఒక వ్యాసం రాశారు. దాని సారాంశం చేదుగా ఉంటుంది. నీ బాధకి నీ పాపమే కారణం అని నేర్పితే, ఎదుటివాడు చేసిన అన్యాయం మీద తిరగబడే ఊపు మనిషిలో చచ్చిపోతుందని ఆయన చెప్పారు. పాస్టరుగార్లు కోపం తెచ్చుకోకుండా ఈ మాట వినాలి. ముసలాయన వేలు కుళ్ళింది పాపం వల్ల కాదు. పీహెచ్‌సీలో షుగరు మాత్రలు నెలనెలా దొరక్క, దొరికినప్పుడు కూలి మానుకుని పోలేక.

సేవ అనే మాట కూడా మనం జాగ్రత్తగా వాడాలి. తరతరాలుగా ఊరికి సేవ చేసిందెవరు? మనమే. గొడ్డు చస్తే ఈడ్చింది మనం, శవానికి గొయ్యి తవ్వింది మనం, చావు కబురు మోసింది మనం. దానికి పేరు సేవ కాదు, వెట్టి. 2021లో కరోనా రెండోసారి ముదిరినప్పుడు సొంత కొడుకులు దగ్గరికి రాని శవాల్ని మా ఎరికలో కొన్ని ఊళ్ళలో మన కుర్రాళ్ళే మోశారు. తర్వాత ఊళ్ళో పెద్దలు ఏమన్నారు? "అది వాళ్ళ పనేగా" అన్నారు. ఒక కుర్రాడు మాతో అన్నాడు: "అన్నా, నేను మనిషిగా పోయాను, వాళ్ళు నన్ను వెట్టోడిగా చూశారు." ఆ కుర్రాడి మాటకి జవాబు కోసం మేం చాలా రోజులు ఆలోచించాం. యేసు శిష్యుల కాళ్ళు కడిగాడని చెబుతారు కదా. వెట్టివాడు కాళ్ళు కడిగితే అందులో వింత లేదు. గురువు కడిగాడు, అదీ వింత. కాదని చెప్పగల మనిషి ఇష్టపడి చేస్తేనే అది సేవ అవుతుంది. అందుకని వెట్టికి కాదని చెప్పడం, పొరుగువాడికి చెయ్యందించడం రెండూ ఒకే మనిషి చెయ్యాల్సిన పనులు. ఒకటి వదిలేసి రెండోది చేస్తే పెత్తందారుకే లాభం.

ఇంకో మాట మనకే నొప్పి పుట్టించేది. ఈ గుడి మాలలది, ఆ గుడి మాదిగలది. ఒకే రొట్టె విరిచి తింటారు, ఇంటికొస్తే పిల్లనివ్వరు. 2024 ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక కొన్ని పల్లెల్లో పలకరింపులు కూడా పోయాయి. వర్గీకరణ మీద ఎవరి వాదన వాళ్ళు చేసుకోవచ్చు, చెయ్యాలి కూడా. దానికోసం పక్కపల్లె శవానికి గొయ్యి తవ్వడానికి పోకపోవడం ఏంది? సమరయుడు కులం లెక్క తేల్చుకున్నాకే గాడిద దిగాడా?

గుడికి పోయే మనోళ్ళని చట్టం కూడా వెంటాడుతోంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని మతంతో ముడివేసింది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఆ ముడి విప్పారు. క్రైస్తవులకి, ముస్లింలకి విప్పలేదు. మతంతో సంబంధం తీసెయ్యమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది, ఆ కాయితం అట్లాగే ఉంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవం పుచ్చుకున్నవాడు అట్రాసిటీ చట్టం కింద రక్షణ కోరలేడని తీర్పిచ్చింది. కొట్టేవాడు మాత్రం బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగి కొట్టడు. ఈ పోరాటం గురించి ముందు ముందు విడిగా రాస్తాం. ఇక్కడ చెప్పేది ఇంతే: చట్టం వదిలేసినచోట మనకి మిగిలింది ఒకరికొకరం. గుడిలో కూడేదాన్నీ సంఘం అంటాం, పోరాటానికి కట్టుకున్నదాన్నీ సంఘమే అంటాం. రెండు సంఘాల్లోనూ కూర్చునేది ఆ జనమే.

డబ్బు ఎక్కడిది అంటారా? మన అమ్మమ్మలు పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి ముంతలో వేసేవాళ్ళు. ఆదివారం గుడికి తెచ్చేవాళ్ళు. కూలికి పోయి తెచ్చుకున్న గింజల్లోంచి తీసిన పిడికెడు అది. ఆ బియ్యంతోనే పూరిగుడి కప్పు పడింది, బోధకుడి ఇల్లు గడిచింది. ఇప్పుడు కోతపండుగ వేలంలో గుమ్మడికాయ వందలు దాటి పోతోంది. ఆ డబ్బు సౌండు బాక్సులకి, టైల్సుకి, పట్నం నుంచి కారులో దిగే ప్రసంగీకుడికి పోతోంది. గుడికి టైల్సు వద్దని మేం అనం. బురదలో మోకాళ్ళూనినోళ్ళకి టైల్సు మీద ఆశ ఉంటుంది, తప్పు లేదు. ముంతలో ఒక పాలు మాత్రం వీధి కోసం విడిగా ఉంచండి అంటున్నాం. రాత్రిపూట ఆసుపత్రి ఆటోకి. వాయిదాకి పోయే సాక్షికి. పదో తరగతి ఫీజు కట్టలేని ఆడపిల్లకి. ఆ ముంత తాళం స్త్రీల సమాజం దగ్గర ఉండాలి, లెక్క నెలకోసారి గుడి గోడకి అంటించాలి. తీసుకునేవాడు ఏ గుడివాడని అడక్కూడదు, గుడికి పోనివాడైనా సరే.

ఆ ముసలాయన సంగతి చెప్పాలి. మేం పోయిన రోజు సాయంత్రం రెండు గుడుల కుర్రాళ్ళనీ వేపచెట్టు కింద కూర్చోబెట్టాం. మొదట ఎవరూ మాట్లాడలేదు. ఒకావిడ లేచి కొంగు ముడి విప్పి వంద రూపాయలు పెట్టింది, ఆ తర్వాత కదిలారు. మర్నాడు పొద్దున ఆటోలో ఒంగోలు తీసుకుపోయారు. ఒక్కో గుడి నుంచి ఒక్కో కుర్రాడు, వంతు వేసుకుని పన్నెండు రోజులు ఆసుపత్రిలో పడుకున్నారు. రెండు వేళ్ళు తీసేశారు, పాదం నిలబడింది. ఆయన ఇప్పుడు కర్ర పట్టుకుని బజారు దాకా వస్తున్నాడు. రెండు మైకులు మాత్రం అట్లాగే మోగుతున్నాయి. దాని మీద మొన్న మళ్ళీ తగువు పడ్డారని తెలిసింది.