షెఫీల్డు వీథిచెట్లు

ఇంగ్లండునందలి షెఫీల్డు నగరపు వీథులవారి సణుగుడు నీ మాసము వినిపింపఁదలఁచితిమి. చెట్లవేళ్లు కాలిబాటల రాళ్ల నెత్తివేయుచున్నవని అచ్చట కొందఱు మొఱపెట్టుచుండిరి. బిడ్డబండి త్రోయు తల్లికిని, చూపులేనివారికిని అది అల్పబాధ కాదు, మేమును కాదనము. అయినను నగరసభవారు 2012లో వీథులు బాగుచేయుటకు 25 ఏండ్ల గుత్త యొసఁగి, కొలఁది సంవత్సరములలో 5,000 పైచిలుకు చెట్లు కొట్టించిరి. వానిలో నారోగ్యముగా నున్నవియుఁ బెక్కులు.

2016 నవంబరులో రస్ట్‌లింగ్సు రోడ్డున తెల్లవాఱక మునుపే తలుపులు తట్టి, కార్లు తీయుఁడని చెప్పి, ఱంపములు పెట్టిరి. అడ్డుపడిన డెబ్బదియేండ్లు దాఁటిన స్త్రీల నిరువురను పోలీసులు పట్టుకొనిపోయిరి. మనుమలకుఁ గథలు చెప్పు వయసున ఠాణా! ఆ వ్యవహారమును పిదప విడిచిరనుట వేఱుమాట.

2018లో నఱకుట నిలిచెను. చెల్సీ రోడ్డునందలి యెల్ముచెట్టు, దాని నాశ్రయించిన యరుదైన సీతాకోకచిలుకలతోఁ గూడ దక్కినది. 2023లో విచారణనివేదిక వెలువడఁగా సభవారు క్షమాపణ చెప్పుకొనిరి. విడ్డూరమేమనఁగా, నఱకుట నిలిచిన పిమ్మటఁ గాలిబాటలనే యించుక సర్ది పెక్కుచెట్లను నిలుపుకొనిరి. బండి త్రోయు తల్లికి దారియు దొరకినది, నీడయు దొరకినది.