వద్దన్న టీమ్‌కే వంద గజాల పరుగు

జేమ్స్ హారిసన్ కథ మోటివేషన్ రీల్‌కి భలే సరిపోతుంది. ఎవరూ తీసుకోలేదు, తీసుకున్నవాళ్లు తీసేశారు, చివరికి అందరికంటే గొప్పవాడయ్యాడు. వెనక ఓ బీజీఎం వేస్తే ముప్పై సెకన్లలో పని అయిపోతుంది. కానీ ఆ ముప్పై సెకన్లలో పట్టని ముక్క ఒకటుంది. నాకు నచ్చింది అదే.

అమెరికన్ ఫుట్‌బాల్ మనలో చాలామందికి తెలియదు కాబట్టి ముందు రెండు మాటలు. ఒక టీమ్ బంతిని ముందుకు తీసుకెళ్లాలి, రెండో టీమ్ ఆపాలి. ఆపేవాళ్లే డిఫెన్స్. కబడ్డీలో రైడర్ మీద పడే డిఫెండర్లను గుర్తు తెచ్చుకోండి, కాస్త దగ్గరగా ఉంటుంది. బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. అతను విసిరేలోపే పడగొడితే దాన్ని ‘శాక్’ అంటారు. ప్రతి ఎత్తుకీ ఎవరు ఎటు కదలాలో ముందే రాసిపెట్టిన పుస్తకం ఉంటుంది, దాని పేరు ప్లేబుక్. ఈ పుస్తకాన్ని మర్చిపోకండి, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

హారిసన్ 1978లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో పుట్టాడు. కెంట్ స్టేట్ యూనివర్సిటీకి ఆడాడు. 2002లో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ జరిగింది. మన భాషలో క్యాంపస్ ప్లేస్‌మెంట్స్ అనుకోండి. ఏడు రౌండ్లలో 250 మందికి పైగా ఆటగాళ్లను టీమ్‌లు ఎంచుకున్నాయి. ఆ లిస్టులో ఇతని పేరు లేదు. ఆరడుగుల మనిషే అయినా ఆ పొజిషన్‌కి పొట్టి అనేశారు.

తర్వాత పిట్స్‌బర్గ్ స్టీలర్స్ పిలిచింది. తీసేసింది. మళ్లీ పిలిచింది, మళ్లీ తీసేసింది. బాల్టిమోర్ రేవెన్స్ తీసుకుని, ఆట నేర్చుకు రమ్మని జర్మనీలోని రైన్ ఫైర్ టీమ్‌కి పంపింది. తిరిగొచ్చాక వాళ్లూ వద్దన్నారు.

ఇక్కడిదాకా వింటే “పాపం, టాలెంట్‌ని గుర్తించలేదు” అనిపిస్తుంది కదా? రీల్ చెప్పేది అదే. అసలు సంగతి వేరు. ఆ రోజుల్లో హారిసన్‌కి ప్లేబుక్ సరిగా రాదు. ప్రాక్టీస్ మధ్యలో ఏం చేయాలో తెలియక చేతులెత్తేసి, నన్ను బయటికి పంపేయండి అనేవాడని తర్వాత తోటి ఆటగాళ్లే చెప్పారు. ఒంట్లో బలానికి కొదవ లేదు. తన పక్కవాడు ఎటు వెళ్తాడో తెలియనివాడికి ఎంత బలముంటే ఏం లాభం? పదకొండు మంది కలిసి కదిలే చోట ఒక్కడు తప్పు దారి పడితే మిగతా పది మంది కష్టం బూడిదలో పోసినట్టే. అంటే కోచ్‌లు గుడ్డివాళ్లేం కాదు. వాళ్లు చూసింది నిజమే.

2004లో స్టీలర్స్ ఆటగాడు క్లార్క్ హాగన్స్ బరువులెత్తుతూ చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఖాళీ వచ్చింది, హారిసన్‌కి మరో ఫోన్ వచ్చింది. ఈసారి వెళ్లినవాడు పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. అదే ఏడాది నవంబర్‌లో క్లీవ్‌లాండ్‌లో మ్యాచ్. స్టార్ ఆటగాడు జోయీ పోర్టర్ ఆట మొదలవకముందే అవతలి టీమ్ వాడితో కొట్లాటకు దిగడంతో బయటికి పంపేశారు. అప్పటికప్పుడు దిగమన్నది హారిసన్‌ని. దిగాడు, శాక్ కూడా చేశాడు.

అయినా ఇంకో రెండేళ్లు ఎక్కువగా బెంచ్ మీదే. 2007లో పోర్టర్‌ని టీమ్ వదులుకున్నాక గానీ ఆ స్థానం పూర్తిగా ఇతనిది కాలేదు. అప్పటికి వయసు 29. ఆ నవంబర్‌లో ఒక సోమవారం రాత్రి, దేశమంతా టీవీలో చూస్తుండగా మూడున్నర శాక్‌లు చేశాడు, మూడుసార్లు అవతలివాళ్ల చేతిలోంచి బంతి ఊడగొట్టాడు. ఎవరి మీదో తెలుసా? తనని వద్దన్న బాల్టిమోర్ మీదే! 2008 సీజన్‌లో 16 శాక్‌లతో ‘డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్’ అయ్యాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని ఆటగాడికి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి.

ఇక అసలు సీన్. 2009 ఫిబ్రవరి 1, టాంపా నగరం, సూపర్ బౌల్. అవతల అరిజోనా కార్డినల్స్. స్టీలర్స్ 10–7తో ముందున్నారు. మొదటి సగం ముగియడానికి 18 సెకన్లుంది. బంతి అరిజోనా చేతిలో, గోల్ లైన్ ముంగిట్లో. ప్లేబుక్ ప్రకారం హారిసన్ చేయాల్సింది ఒక్కటే, క్వార్టర్‌బ్యాక్ కర్ట్ వార్నర్ మీదికి దూసుకెళ్లడం.

అతను వెళ్లలేదు. వెళ్తున్నట్టు నటించి వెనక్కి జరిగాడు. మనవాళ్లంతా మీదపడుతుంటే వార్నర్‌కి ఆలోచించే టైమ్ ఉండదు, దగ్గర్లో ఉన్నవాడికి చటుక్కున విసిరేస్తాడు అని లెక్కేశాడు. సరిగ్గా అక్కడికే వచ్చింది బంతి. పట్టుకుని పరుగు! 110 కిలోల మనిషి, వంద గజాలు, మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి. దారిలో ఇద్దరు ముగ్గురు పట్టుకోబోతే తోటివాళ్లు అడ్డుపడి తప్పించారు. ఆఖర్లో ఇద్దరు మీద పడ్డా గోల్ లైన్ లోపలే కూలబడ్డాడు. గడియారంలో సున్నా. లేవలేక అలాగే పడి ఉంటే ఆక్సిజన్ పెట్టారు.

10–14 కావాల్సిన స్కోరు 17–7 అయింది. చివరికి స్టీలర్స్ గెలిచింది 27–23తో. నాలుగంటే నాలుగే పాయింట్లు.

ఈ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అందరూ పరుగు చూస్తారు. మీరు పరుగుకి ముందు ఆ వెనక్కి జరిగిన అడుగు చూడండి. పుస్తకంలో లేని అడుగది. తన పదిమందీ ఎటు వెళ్తారో, దానికి అవతలివాడు ఎలా భయపడతాడో, ఆ భయంలో ఏం చేస్తాడో తెలిస్తేనే ఆ అడుగు పడుతుంది. ఒకప్పుడు పుస్తకం రాక చేతులెత్తేసినవాడే, పుస్తకం కంఠతా వచ్చాక దాన్ని పక్కన పెట్టాడు. రెండిట్లోనూ చెప్పింది చేయకపోవడమే. మొదటిదానికి ఉద్యోగం పోయింది, రెండోదానికి కప్పు వచ్చింది.

అలాగని హారిసన్‌ని దేవుణ్ని చేయక్కర్లేదు. 2010 అక్టోబర్‌లో ఒకే మ్యాచ్‌లో అతను గుద్దిన ఇద్దరు ఆటగాళ్లు తలకు దెబ్బ తగిలి బయటికెళ్లారు. అందులో మొహమద్ మసాకోయిని గుద్దినందుకు లీగ్ 75 వేల డాలర్ల జరిమానా వేసింది. ఇలా అయితే ఆటే మానేస్తానని అలిగి, ఒక రోజు ప్రాక్టీస్ ఎగ్గొట్టి మళ్లీ వచ్చాడు. 2011లో కోల్ట్ మెకాయ్‌ని తలకి తల తగిలేలా గుద్ది ఒక మ్యాచ్ సస్పెండ్ అయ్యాడు. ఇక్కడ రూల్ తెలియక కాదు, ఒప్పుకోక. టాంపాలో లెక్క తప్పితే నష్టపోయేది స్కోరు. ఇక్కడ నష్టపోయేది అవతలివాడి మెదడు. ఈ తేడా అతను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, మనం మాత్రం కలిపేయకూడదు.

2014లో రిటైరై, వారాల్లోనే తిరిగొచ్చి, 2016లో స్టీలర్స్ చరిత్రలో ఎక్కువ శాక్‌లు చేసిన ఆటగాడయ్యాడు. 2017లో అతని స్థానంలోకి ఫస్ట్ రౌండ్ కుర్రాడు టి.జె. వాట్ వచ్చాడు. ఆ డిసెంబర్‌లో స్టీలర్స్ 39 ఏళ్ల హారిసన్‌ని మరోసారి తీసేసింది. న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్‌లో చేరి, మరో సూపర్ బౌల్ ఆడి ఓడి, 2018లో ఆట ముగించాడు. 2023లో ఆ రికార్డునీ వాట్ దాటేశాడు.

“మమ్మల్ని ఇంటర్వ్యూలో తీసేశారు, వాళ్లకే తెలివిలేదు” అని నాకు మెసేజ్‌లు పెట్టే ఫ్రెండ్స్‌కి నా మాట ఒక్కటే. కావచ్చు, వాళ్లే తప్పు చూసి ఉండొచ్చు. కానీ ఆ మాట అనుకునే ముందు, మన పుస్తకంలో మనకి రాని పేజీ ఏదో ఒక్కసారి తిప్పి చూద్దాం. హారిసన్‌కి మళ్లీ ఫోన్ రావడం అదృష్టమే. ఫోన్ వచ్చేసరికి ఆ పేజీ వచ్చి ఉండటం మాత్రం అదృష్టం కాదు.